పంటి బిగువు



కష్టమును పంటి బిగువున భరించినవారిని మనము మెచ్చుకొందుము. ఆ బిగువు దవడపై పడునని మాత్రము తలపోయము. చెవికి ముందు, నోరు తెరచినపుడు వ్రేలికి కదలిక తెలియుచోట దవడ కీలున్నది. ఆందోళన గలవారిలో పలువురు తమకు తెలియకయే పండ్లు బిగింతురు. కండరములు అలసి కీలు నొచ్చును. మానని నొప్పి మరల మనస్సును క్రుంగదీయును. అందుచేతనే 2014లో వెలువడిన అంతర్జాతీయ రోగనిర్ణయ ప్రమాణములు దవడతోపాటు మనఃస్థితిని కూడ పరిశీలింపుమన్నవి. నొప్పి కల్పితమనికాని, మనస్సొక్కటియే కారణమనికాని దీని యర్థము కాదు.

విశ్రాంతివేళ పెదవులు కలిసి, పండ్లు విడిగా నుండవలెను. ఇంట నెవరైన దవడ పట్టుకొని కూర్చున్నచో, దంతవైద్యునికి చూపించుకొమ్మనుటతో ఆగక, వారి మనసులోని దిగులును గూడ అడిగి తెలిసికొనుడు.