లా డిగ్రీకి ఎన్ని దారులు, ఏ దారి ఎవరికి?

పోయిన వారం లాసెట్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని తర్వాత మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోట వచ్చి ఆగాయి. "సార్, నేను ఉద్యోగం చేస్తున్నాను. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో చేయొచ్చా?" ఒక కానిస్టేబుల్ అడిగారు, ఒక టీచరమ్మ అడిగారు, ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ అడిగారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: దూరవిద్య ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒప్పుకోదు, దాంతో లాయరుగా ఎన్‌రోల్ కాలేరు. అయితే ఈ రూలు ఎవరిని ఆపుతోంది, ఎవరిని ఆపడం లేదు అన్నది చూస్తే కథ వేరేగా ఉంటుంది. ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

ముందు దారులు చూద్దాం. ఇంటర్ అయ్యాక ఐదేళ్ల కోర్సు ఒకటి. ఏదైనా డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఒకటి. ఐదేళ్లదాంట్లో మళ్లీ రెండు లోకాలున్నాయి. ఒకటి నేషనల్ లా యూనివర్సిటీలు, మనకు హైదరాబాదులో నల్సార్, విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య పేరు మీద ఉన్నది. రెండోది లాసెట్ రాసి చేరే మామూలు కాలేజీలు. నేషనల్ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి క్లాట్ రాయాలి. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఫీజు, హాస్టలు కలిపితే ఏడాదికి లక్షల్లో మాట. లాసెట్ పేపరు తెలుగులో కూడా ఉంటుంది, సర్కారు కాలేజీలో సీటొస్తే ఖర్చు వేలల్లో సరిపోతుంది. తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లకి ఈ రెండు గేట్లలో ఏది తెరుచుకుంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మూడేళ్లా ఐదేళ్లా అన్న తగాదా. నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివినవాణ్ణే, అది ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో ఆ పక్షపాతం ఏమైనా కనబడితే తీసేసుకోండి. కోర్టు హాళ్ల బయట ఒక మాట వినబడుతుంటుంది, "మూడేళ్లోళ్లు వేరే పని దొరక్క వచ్చినవాళ్లు" అని. లెక్క వేయండి. ఇంటర్ తర్వాత డిగ్రీ మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు, మొత్తం ఆరు. ఐదేళ్ల కోర్సు కంటే ఒక ఏడాది ఎక్కువే చదివాడు. ఐదేళ్ల పద్ధతికి పేరు తెచ్చిన బెంగళూరు నేషనల్ లా స్కూల్లో మొదటి బ్యాచ్ 1988లో మొదలైంది. అదే స్కూలు 2022లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కూడా పెట్టింది. కోర్సు పొడవు బట్టి లాయరు విలువ తేలేదైతే వాళ్లెందుకు పెడతారు? ఒక బీకాం చదివినవాడు, ఒక నర్సు, ఒక వ్యవసాయ డిగ్రీవాడు లాలోకి వస్తే కోర్టుకి లాభమేనని నా అభిప్రాయం. భూమి కేసులో సాగు తెలిసిన లాయరు అడిగే క్రాస్ వేరుగా ఉంటుంది.

కాబట్టి నా బాధ మూడు, ఐదు గురించి కాదు. హాజరు గురించి.

బార్ కౌన్సిల్ 2008లో లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ తెచ్చింది. వాటి ప్రకారం వారానికి కనీసం 30 గంటలు నడవాలి. హాస్టల్లో ఉండి చదివే సంస్థ కాకపోతే తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపలే జరగాలి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి, ప్రత్యేక కారణం ఉంటే 65 దాకా సడలింపు. అంటే పగలు డ్యూటీ చేసి సాయంత్రం ఆరున్నరకి కాలేజీకి వెళ్లి చదువుకునే పాత ఈవెనింగ్ కాలేజీ పద్ధతికి చోటు లేకుండా పోయింది. మన ముందు తరంలో ఆఫీసుల్లో గుమస్తాలుగా పనిచేస్తూ ఈవెనింగ్ కాలేజీలో చదివి నల్లకోటు వేసినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ జిల్లా కోర్టులో పెద్దవాళ్లని అడగండి.

రూలు పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. లా అనేది పుస్తకం బట్టీ పట్టే చదువు కాదు. మూట్ కోర్టు, డ్రాఫ్టింగ్, క్లయింటుతో మాట్లాడటం, ఇవన్నీ ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సినవే. ఒప్పుకుంటాను. మరి ఉద్యోగస్తులు ఎల్‌ఎల్‌బీ చేయడం ఆగిందా? ఆగలేదండీ! "నాన్ అటెండింగ్" అన్న మాట మీ అందరికీ తెలుసు. కొన్ని కాలేజీల్లో అడ్మిషన్ రోజే చెప్పేస్తారు, ఫీజు మీద ఇంత కట్టండి, పరీక్షలకి వస్తే చాలు అని. రిజిస్టరులో 75 శాతం పడుతుంది. పేరు రెగ్యులర్, నడక దూరవిద్య కన్నా అన్యాయం. దూరవిద్యలో పుస్తకమన్నా పంపిస్తారు, కాంటాక్టు క్లాసులన్నా పెడతారు.

ఇప్పుడు చూడండి ఎవరు మిగిలారో. అబద్ధం హాజరుకి డబ్బు కట్టగలిగినవాడికి డిగ్రీ వచ్చింది. డబ్బు లేనివాడు ఆగిపోయాడు. డబ్బుండీ అబద్ధం ఇష్టం లేక వదిలేసినవాడూ ఆగిపోయాడు. చివరివాడే నిజానికి ఈ వృత్తికి కావాల్సినవాడు. ఆ కానిస్టేబుల్ రాసిన వాక్యం ఇంకా నా చెవిలో ఉంది, "సార్, దొంగ సంతకం కేసులు రాసేవాణ్ణి, నేనే దొంగ సంతకంతో లాయరు అవ్వాలా?"

బార్ కౌన్సిల్‌కి ఇది తెలియదా అంటే తెలుసు. 2024 సెప్టెంబరులో సర్క్యులర్ ఇచ్చింది. బయోమెట్రిక్ హాజరు పెట్టమంది, సీసీ కెమెరాలు పెట్టమంది, చదివేటప్పుడు ఉద్యోగం చేస్తున్నారా అని విద్యార్థి దగ్గర డిక్లరేషన్ తీసుకోమంది. ఇంకోవైపు 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, హాజరు తగ్గిందని లా విద్యార్థిని పరీక్షకు ఆపకూడదని తీర్పు చెప్పింది. హాజరు చాలక పరీక్ష రాయనివ్వకపోతే 2016లో ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్న కేసు అది. ఒకరు బిగిస్తున్నారు, ఒకరు వదులు చేస్తున్నారు. పగలు పని చేసి బతకాల్సినవాడికి పాఠం ఏ వేళకు చెబుతారు అన్న ప్రశ్న మాత్రం రెండిట్లోనూ అలాగే ఉండిపోయింది.

ఇంకో గేటు గురించి చెప్పాలి, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. మన హైదరాబాదులో 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. దేశంలో ఓపెన్ యూనివర్సిటీ అంటే అదే మొదటిది. తర్వాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి నేరుగా బీఏలో చేరే దారి అది ఇచ్చింది. బీడీలు చుట్టిన ఆడవాళ్లు, మగ్గం మీద కూర్చున్నవాళ్లు అలా డిగ్రీ తెచ్చుకున్నారు. అదే 2008 రూల్స్‌లో ఐదో రూలు కింద వివరణ చదవండి. ఇంటర్ చదివి, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేస్తే ఎల్‌ఎల్‌బీకి అర్హులే. ఇంటర్ లాంటి పునాది చదువు లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేస్తే అర్హులు కారు. ఒకే యూనివర్సిటీ, ఒకే సిలబస్, ఒకే పరీక్ష, పక్కపక్క బెంచీల మీద రాశారు. ఒకరికి లా కాలేజీ గేటు తీశారు, ఇంకొకరికి వేశారు. రాజ్యాంగం రాసిన ఆయన పేరున్న డిగ్రీ పట్టుకుని లా చదవడానికి పనికిరావు అనిపించుకోవడం, నాకైతే మింగుడుపడదు.

దూరవిద్యలో లా అసాధ్యం అని కొందరు వాదిస్తారు. నెల్సన్ మండేలా 1989లో ఎల్‌ఎల్‌బీ పట్టా అందుకున్నది యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా నుంచి, అది దూరవిద్య యూనివర్సిటీ, అప్పుడాయన జైల్లో ఉన్నారు. అలాగని మన దగ్గర రేపే దూరవిద్య ఎల్‌ఎల్‌బీ తెరవండి అని నేను అనను. తెరిస్తే నెలలో ఊరికో సర్టిఫికెట్ దుకాణం లేస్తుంది, మన సంగతి మనకు తెలుసు కదా!

నేను అడిగేది ఇది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, ఆదివారం పూర్తిగా, మూడేళ్ల బదులు నాలుగేళ్లు నడిచే కోర్సు సర్కారు కాలేజీల్లో పెట్టండి. ఎక్కువ కాలం పడుతుంది, పట్టనివ్వండి. బయోమెట్రిక్ అక్కడా పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. ఓపెన్ డిగ్రీవాళ్లని లాసెట్ రాయనిచ్చి ర్యాంకు చూడండి. ఎలాగూ చివర్లో అందరికీ ఒకే వడపోత ఉంది, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. 2010లో తెచ్చారు, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అది చెల్లుతుందని చెప్పింది. నల్సార్‌లో చదివినవాళ్లూ రాయాల్సిందే, మండలంలో చదివినవాళ్లూ రాయాల్సిందే. ఆ పరీక్ష సులువుగా ఉందనుకుంటే దాన్ని గట్టి చేయండి, ఒక డ్రాఫ్టింగ్ పేపరు చేర్చండి. చివరి గేటు గట్టిగా ఉంటే మొదటి గేటు దగ్గర ఇంతమందిని ఆపాల్సిన పని ఉండదు.

అప్పటిదాకా అడిగినవాళ్లకి నా సలహా. దూరవిద్య ఎల్‌ఎల్‌బీ అని ఎవరు ప్రకటన ఇచ్చినా డబ్బు కట్టొద్దు, బార్ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఆ కాలేజీ పేరుందా చూడండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు స్టడీ లీవు దొరుకుతుందేమో మీ ఆఫీసులో ముందు కాగితం పెట్టి అడగండి, నోటిమాట నమ్మొద్దు. ఇంకొకటి, ఎన్‌రోల్ అయ్యాక పూర్తికాలం జీతం ఉద్యోగం, ప్రాక్టీసు రెండూ చేయనివ్వరు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి భయపడుతూ రాసినవాళ్లకి, జనరల్‌కి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలకు మించి అడగకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మీద వివరంగా వచ్చే వారం.