ఆ రేడియో ఏ గెలాక్సీది?

ఇప్పుడు నా మాట మీకు ఎక్కణ్నుంచి వినిపిస్తోంది? వేదికకు అటూ ఇటూ కట్టిన ఆ రెండు స్పీకర్ల నుంచి. నేనేమో మధ్యలో ఉన్నాను. కళ్లకు గంతలు కట్టి పంపితే, దండ తెచ్చినాయన స్పీకరు మెడలో వేసి వెళ్లిపోతాడు. రేడియో తరంగాలను బలంగా వెదజల్లే రేడియో గెలాక్సీలతో ఖగోళ శాస్త్రజ్ఞులకు వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే.

హంస నక్షత్రమండలం వైపు నుంచి బలమైన రేడియో తరంగాలు వస్తున్నాయని 1940ల్లోనే తెలుసు. సిగ్నస్ ఏ అని పేరైతే పెట్టారు గానీ, అక్కడున్నదేమిటో తెలియదు. ఆనాటి రేడియో టెలిస్కోపుల చూపు అంత మసక. 1951లో కేంబ్రిడ్జిలో గ్రాహం స్మిత్ దాని చోటును సుమారు ఒక ఆర్క్ నిమిషం తేడాలోకి తెచ్చాడు. అంటే నిండు చందమామ వెడల్పులో ముప్పయ్యో వంతు. ఆ ఆచూకీతో పాలొమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపులో ఖగోళ శాస్త్రజ్ఞుడు వాల్టర్ బాడే ఫొటో తీస్తే, గెలాక్సీల గుంపులో ఒక వింత ఆకారం కనబడింది. రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయన్నాడాయన. సహోద్యోగి రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ నమ్మలేదు. విస్కీ సీసా పందెం. ఢీకొన్న వాయువుకు గుర్తులనుకున్న ఉద్గార రేఖలు వర్ణపటంలో బయటపడేసరికి మింకోవ్‌స్కీ ఓటమి ఒప్పుకున్నాడు. రేడియో తరంగాలకు కారణం ఆ ఢీకొనడమేనన్న వాదం మాత్రం తరవాత నిలవలేదు. సీసా వెనక్కిచ్చినట్టు నేనెక్కడా చదవలేదు!

1953లో జోడ్రెల్ బ్యాంక్ వేధశాలలో రోజర్ జెన్నిసన్, కలకత్తా నుంచి వెళ్లిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా కలిసి సిగ్నస్ ఏను కొలిస్తే అసలు విడ్డూరం తేలింది. తరంగాల్లో అధిక భాగం గెలాక్సీ నుంచి కాదు, దానికి చెరో పక్క ఉన్న రెండు ప్రాంతాల నుంచి వస్తోంది. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలం దగ్గర పుట్టిన సన్నని ధారలు లక్షల కాంతి సంవత్సరాలు పరుగెత్తి, బయటి వాయువును గుద్దుకుని అక్కడ రేడియోలో వెలుగుతాయి. ఈ వివరణ కుదురుకోవడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

అందుకే సర్వే చిత్రాల్లో రేడియో మచ్చ కింద కనబడ్డ గెలాక్సీనే సొంతదారు అనుకోకూడదు. రేడియో పటాన్ని పరారుణ చిత్రం మీద పరుస్తాం. ఈ గెలాక్సీల్లో ఎక్కువ భాగం ముసలి నక్షత్రాలతో నిండిన పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలు, పరారుణంలో బాగా కనబడతాయి. రెండు మచ్చల నడుమ సన్నటి రేడియో చుక్క ఉంటే అదృష్టమే, గెలాక్సీ కేంద్రం అదే. లేకపోతే రెంటినీ కలిపే గీత దగ్గర వెతకాలి. ఆ గీత వంకరపోవచ్చు కూడా. పెర్సియస్ గెలాక్సీల గుంపులోని ఎన్‌జీసీ 1265 అనే గెలాక్సీ వేడి వాయువులో దూసుకుపోతుంటే, దాని ధారలు రెండూ వెనక్కి వాలిపోయాయి. ఒక్కోసారి ఆ జంట అసలు జంటే కాదు, సంబంధం లేని రెండు వస్తువులు పక్కపక్కన పడ్డాయంతే.

ఇలాంటి చోట కంప్యూటరు తడబడుతుంది. 2013లో మొదలైన రేడియో గెలాక్సీ జూ అనే ఆన్‌లైన్ ప్రాజెక్టులో వేలమంది మామూలు మనుషులు ఇళ్లలో కూర్చుని ఈ జతలు కలిపారు. యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోపు 2022లో వెలువరించిన జాబితాలోనే దాదాపు 44 లక్షల రేడియో మూలాలున్నాయి. అన్నింటినీ మనిషి చూడటం సాధ్యమా? తేలికైనవి కంప్యూటరుకు, చిక్కుముళ్లు మనకు.

ఇక గెలాక్సీయే కనబడని చోట్లున్నాయే, నాకు వాటి మీదే మోజు. గెలాక్సీ చాలా దూరాన ఉండి మసకబారి ఉండవచ్చు. 1999లో అలాంటి ఒక మూలాన్ని హవాయిలోని కెక్ టెలిస్కోపుతో పట్టి చూస్తే, విశ్వం వయసు 100 కోట్ల ఏళ్లు దాటిన కొత్తలో బయలుదేరిన వెలుగు అందింది.