చెడ్డ నటనను బాగా నటించడం: ‘షో పీపుల్’లో మేరియన్ డేవిస్

మేరియన్ డేవిస్ పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆమె సినిమాలు కావు, ఆమెను తారగా నిలబెట్టిన పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హెర్స్ట్. ఆ తర్వాత ‘సిటిజన్ కేన్’ (1941)లోని సుసాన్. గాత్రం లేకపోయినా భర్త డబ్బుతో వేదికెక్కిన ఆ అభాగ్యురాలు అచ్చంగా డేవిసేనని లోకం తీర్మానించేసింది. ఆ తీర్మానాన్ని కొట్టేయడానికి జాలి అక్కర్లేదు, 1928లో కింగ్ విడార్ తీసిన మూకీ హాస్యచిత్రం ‘షో పీపుల్’ చాలు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా మోసింది ఆమె నటనే. హెర్స్ట్ డబ్బు ఆ నటనకు చేసిన సాయం కంటే పెట్టిన అడ్డంకులే ఎక్కువని నా వాదన.

జార్జియా నుంచి తండ్రిని వెంటబెట్టుకుని హాలీవుడ్‌కు వచ్చిన పెగ్గీ పెప్పర్‌కు గంభీర నటి కావాలని కోరిక. స్టూడియోలో తండ్రి ఆమె మొహానికి చేతిరుమాలు అడ్డుపెట్టి, ఒక్కో రసం పేరు చెప్పి తీస్తుంటే, ఆమె కోపమూ దుఃఖమూ ఆనందమూ వరసగా ఒలకబోస్తుంది. పెగ్గీకి నటన రాదు. అయితే ఎంత రాదో, ఏ పాళ్లలో రాదో మనకు తెలియాలంటే డేవిస్‌కు నటన చాలా బాగా రావాలి. ఈ చిత్రంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. తర్వాత చౌకరకం హాస్యచిత్రంలో వేషం దొరుకుతుంది. ముందుగా చెప్పకుండా మొహాన సోడా చిమ్ముతారు. ఆ క్షణంలో నవ్వించే వేషమూ అవమానపడ్డ పిల్లా ఒకే మొహంలో కనిపిస్తారు. మనం నవ్వుతూనే నొచ్చుకుంటాం. పేరొచ్చాక ఆమె పెట్రీషియా పెపువార్ అవుతుంది, పై పెదవి ఎగబిగించి పళ్లు బయటపెట్టి అదే హుందాతనం అనుకుంటుంది. ఒకచోట నిజమైన మేరియన్ డేవిస్ కారు దిగితే, పెగ్గీ చూసి మొహం చిట్లిస్తుంది. తన ప్రతిష్ఠనే ఇలా ఎగతాళి చేసుకోనిచ్చిన తార డబ్బుతో నిలబెట్టిన బొమ్మ ఎలా అవుతుంది?

ఈ ఘనత విడార్‌దేనని ఒక వాదం ఉంది. ‘ది బిగ్ పెరేడ్’ తీసినవాడి ప్రతిభను కాదనేవారెవరు? కానీ విందుల్లో ఆమె చేసే అనుకరణలు చూసి, వాటిని తెరకెక్కించాలనుకున్నది ఆయనే. అంతకుముందు అదే ఏడాది వచ్చిన ‘ది పాట్సీ’లో ఆమె నాటి తారలు లిలియన్ గిష్‌ను, పోలా నెగ్రీని అచ్చంగా అనుకరించింది. అంటే సరుకు ఆమెది, దర్శకుడు దారి ఇచ్చాడు. హెర్స్ట్ మాత్రం ఆమెను రాజకన్యల చారిత్రక దుస్తుల్లో చూడాలని ముచ్చటపడ్డాడు. ఈ చిత్రంలోనే ఆమె మొహాన కస్టర్డ్ ‘పై’ కొట్టించాలని విడార్ అనుకుంటే ససేమిరా అన్నాడు. సోడా నీళ్లతో సరిపెట్టింది అందుకే. పత్రికల పొగడ్త ఆయన కొనగలిగాడు, సరే. సోడా తగిలాక ఆ కళ్లల్లో కదిలినదాన్ని ఏ సంపాదకీయం సృష్టించగలదు?

ఇంకో ఆక్షేపణ బరువైనది: పైకి రావాలనుకున్న ఆడదాన్ని కింద పడేసి నవ్వే కథ కదా ఇది? ముగింపు చూడండి. కౌంటునని, అంటే ప్రభువునని, బొంకే నటుడితో పెళ్లి తప్పిపోతుంది కానీ వృత్తి తప్పిపోదు. పెగ్గీ తారగానే ఉండి, పాత సహచరుడు బిల్లీకి (ఆ పాత్రలో విలియం హైన్స్) తన సినిమాలో వేషం తానే ఇప్పిస్తుంది. ఆ సినిమా దర్శకుడిగా కింగ్ విడారే తెర మీద కనిపిస్తాడు. చిత్రం చెండాడింది ఆమె ఆశను కాదు, డాబును.

డేవిస్‌కూ సుసాన్‌కూ పోలిక లేదని ‘సిటిజన్ కేన్’ తీసిన ఆర్సన్ వెల్స్ తర్వాతి కాలంలో స్వయంగా రాశాడు. 1975లో ఆమె జ్ఞాపకాల పుస్తకానికి ముందుమాటగా వచ్చిన ఆ మాట చదవడానికి ఆమె లేదు, 1961లోనే పోయింది. అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలోకి ‘కేన్’ 1989లో చేరితే, ‘షో పీపుల్’ 2003 దాకా ఆగాల్సి వచ్చింది.