తక్కువ ఖర్చుతో సంఘానికి వెబ్‌సైట్: మా అనుభవం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో రాజపాళయం చేనేత సహకార సంఘ కార్యదర్శి ప్రసంగం)



కంప్యూటర్ సంగతి మాట్లాడమని మమ్మల్ని పిలిచారు. మేము చదివింది ఎనిమిదో తరగతి, అదీ అరవంలో. ఈ విషయం మాకు చదువు వల్ల తెలియలేదు, నష్టపోయి తెలుసుకున్నాము. అందుకే చెప్తాము, వినండి.

మా ఊరి పేరు చెబితే మిల్లు నూలు, బ్యాండేజీ గుడ్డ, రాజపాళయం కుక్క అందరికీ గుర్తొస్తాయి. చేతిమగ్గం చీర గుర్తు రాదు. బెంగళూరు అంగడివాళ్లు ఫోను చేస్తే "మీ వెబ్‌సైట్ ఏది?" అని ముందు అడుగుతారు. ఒకరిని విచారిస్తే చేసిపెట్టడానికి 18 వేలు, ఆపైన ఏటా 6 వేలు అన్నారు. మా పద్దులో ప్రచారానికి ఉన్నది ఏడాదికి 3 వేలు. నూలు కొనడానికే డబ్బు చాలని సంఘం మాది.

అప్పుడు మా సభ్యుడి కొడుకు ఒక పిల్లవాడు ఉచితంగా చోటు ఇచ్చే ఒక కంపెనీలో సైట్ పెట్టి ఇచ్చాడు. పాత నమూనా పుస్తకంలోని 42 అంచులు, కొంగులు ఫోటో తీసి ఎక్కించాము. ఆ తర్వాత వానాకాలంలో పుస్తకం తడిసి పాడైంది. పోతే పోయింది, ఫోటోలున్నాయి కదా అని ధైర్యంగా ఉన్నాము. ఒకనాడు సైట్ తెరిస్తే ఏమీ లేదు! మూసేస్తున్నామని కంపెనీవాళ్లు ఈమెయిల్ పంపారట. అది ఆ పిల్లవాడి పాత ఈమెయిల్‌కు పోయింది, వాడు దాన్ని చూడడం మానేసి చాలా నాళ్లయింది. ఆ అంచులు నోటితో చెప్పగల పెద్దాయన అంతకు ఆరు నెలల ముందే కాలం చేశారు. 42లో మళ్లీ నేయించగలిగినవి 11. తప్పు పిల్లవాడిది కాదు. వేరే చోట దాచి పెట్టాల్సిన బాధ్యత కార్యదర్శిగా మాది. సభలో ఇది చెప్పుకోవడం సిగ్గే, కానీ ఇంకో సంఘానికి ఇలా జరగకూడదు.

ఇలా పోవడం లోకంలో కొత్త కాదు. జియోసిటీస్ అని ఉచిత చోటు ఒకటి ఉండేది. 1999లో యాహూ దాన్ని కొని, 2009 అక్టోబరులో మూసేసింది. చిన్న అంగళ్లకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లు కూడా 2024 మార్చిలో ఆగిపోయాయి. ఉచితం వద్దని మేము అనడం లేదు. పరాయి వాళ్ల అరుగు మీద పడుగు చాచినవాడు, లేవమంటే చుట్టుకొని పోయేలా ఉండాలి, అంతే.

మేము నేర్చుకున్నవి నాలుగు.

మొదటిది, పేరు వేరు, చోటు వేరు. డొమైన్ అంటే మన చిరునామా, హోస్టింగ్ అంటే ఇల్లు. చోటు ఉచితంగా తీసుకోండి, పేరు మాత్రం డబ్బు పెట్టి కొనండి. మేము డాట్ ఇన్ పేరు 849 రూపాయలకు తీసుకున్నాము. మొదటి ఏడు చవకగా ఇచ్చి రెండో ఏడు పెంచుతారు, రెన్యువల్ ఎంతో ముందే అడగండి. పేరు మనదైతే, చోటు మూతపడినా ఇంకో చోటికి తిప్పుకోవచ్చు. బిల్లు పుస్తకం మళ్లీ అచ్చు వేయించే పని లేదు.

రెండోది, చోటు ఎక్కడ. గూగుల్ సైట్స్‌లో ఉత్తరం టైపు చేసినట్టు చేసుకోవచ్చు, ప్రకటనలు రావు. కొత్త సరుకు వార్తలు పెట్టడానికి బ్లాగర్ చాలు. రెండింటికీ మన సొంత పేరు తగిలించవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత పథకంలో వాళ్ల ప్రకటనలు వస్తాయి, సొంత పేరుకు డబ్బు కట్టాలి. గిట్‌హబ్ పేజెస్ మంచిదే, 1 జీబీ దాకా పెట్టవచ్చు. కానీ పని తెలిసిన పిల్లలు కావాలి, దాంట్లో వ్యాపార దుకాణం నడపకూడదని నిబంధన ఉంది. మేము సైట్‌లో డబ్బు తీసుకోము, చీర చూపించి వాట్సాప్ నంబరు ఇస్తాము.

మూడోది, ఖాతా సంఘం పేరు మీద ఉండాలి. ఈమెయిల్ సంఘానిది, ఓటీపీ వచ్చే ఫోను సంఘానిది. పాస్‌వర్డు కాగితం కవరులో పెట్టి అంటించి, మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టాము. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. అందుకని ప్రతి నెలా 1వ తేదీన ఒకసారి తెరిచి చూస్తాము.

నాలుగోది, నకలు. ప్రతి ఫోటో పెన్ డ్రైవ్‌లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి. సైట్‌లో పెట్టేది మాత్రం 200 కేబీకి తగ్గించి పెట్టండి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కూడా వెంటనే తెరుచుకుంటుంది.

సమాఖ్య వారికి ఒక మనవి. సమాఖ్య ఒక్క పేరు కొంటే, దాని కిందే సంఘానికొక ఉప చిరునామా ఇవ్వవచ్చు. దానికి వేరే పేర్లు కొనక్కర్లేదు. 849 కూడా భారమైన చిన్న సంఘాలు మనలో ఉన్నాయి. ఈ సభలోనే తీర్మానం చేయండి.

చివరి మాట. ఇంకా 31 అంచులు మాకు దొరకలేదు. మీ ఇళ్లలో అమ్మమ్మల పెట్టెల్లో రాజపాళయం మగ్గం చీర పాతది ఏదైనా ఉంటే, చిరిగినదైనా సరే, ఒకసారి చూపించండి. ఫోటో తీసుకొని అక్కడే మీ చేతికి ఇచ్చేస్తాము. ఈసారి మూడు చోట్ల దాస్తాము.