రూమ్‌మేట్స్ అద్దెతో ఇంటి లోన్ తీరిపోతుందా? అమెరికాలో చదివేవాళ్ల లెక్క

"అద్దె ఎవడికో కట్టే బదులు మనమే ఇల్లు కొని, ఒక రూమ్‌లో మనం ఉండి, మిగతా రూమ్స్ ఫ్రెండ్స్‌కి ఇచ్చేస్తే?" అమెరికాలో దీన్ని హౌస్ హ్యాకింగ్ అంటారు. రీల్స్‌లో ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. మనం కాస్త నిదానంగా, కాగితం మీద వేసి చూద్దాం.

ముందు అక్కడే పెరిగిన మనవాళ్ల పిల్లల సంగతి. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉండి, క్రెడిట్ స్కోర్ 580 దాటితే ఎఫ్‌హెచ్ఏ లోన్‌కి డౌన్ పేమెంట్ 3.5 శాతం చాలు. స్టూడెంట్‌కి జీతం ఉండదు కదా? అమ్మానాన్న కో-బారోయర్‌గా సంతకం పెట్టొచ్చు. స్టూడెంట్ మాత్రం 60 రోజుల్లో ఆ ఇంట్లో దిగాలి, కనీసం ఏడాది ఉండాలి.

టెక్సస్‌లో డెంటన్ అనుకోండి, యూనివర్సిటీ ఊరు. మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు రెండున్నర లక్షల డాలర్లకు దొరికిందనుకుందాం. డౌన్ పేమెంట్ 8,750. వడ్డీ 6.5 శాతం, 30 ఏళ్లు అయితే ఈఎమ్ఐ సుమారు 1,550. ఇక్కడితో ఆపేస్తారు రీల్స్ వాళ్లు! ప్రాపర్టీ టాక్స్ 2 శాతం వేసుకుంటే నెలకు 417. ఇంటి ఇన్సూరెన్స్ ఓ 200, ఎఫ్‌హెచ్ఏ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ ఇంకో 110. మొత్తం దాదాపు 2,280. రెండు రూమ్స్ చెరో 700కి ఇస్తే 1,400 వస్తుంది. మీ జేబులోంచి 880. అంటే మీ ఇంట్లో మీరు ఉండటానికి మీ రూమ్‌మేట్ కంటే ఎక్కువ కడుతున్నారు. సమ్మర్‌లో రూమ్ ఖాళీ అయితే, ఏసీ చెడిపోతే, అది వేరే.

మరి ఆస్తి మిగులుతుందిగా అంటారు. మొదటి నెల ఈఎమ్ఐలో అసలుకి వెళ్లేది 220 డాలర్లే, మిగతాదంతా వడ్డీ. రెండేళ్లలో తీరే అసలు సుమారు 5,700. అమ్మేటప్పుడు ఏజెంట్ కమీషన్, ఖర్చులు కలిపి 6 శాతం అనుకున్నా 15,000 పోతుంది. ఇంటి ధర పెరగకపోతే రెండేళ్ల ఎమ్మెస్‌కి ఇది నష్టమే. నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత కూడా ఆ ఊళ్లోనే ఉద్యోగం అంటే ఆలోచించొచ్చు.

ఇప్పుడు ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లు. ఇల్లు కొనకూడదని రూల్ ఏం లేదు. కానీ 2025 మే నుంచి ఎఫ్‌హెచ్ఏ లోన్ మీకు రాదు. వేరే లెండర్ దగ్గరికి వెళ్లి 25 శాతం కట్టాల్సొస్తే 62,500 డాలర్లు, అంటే 50 లక్షలు పైమాటే. నాన్న ఇక్కడి నుంచి పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన దానిమీద 20 శాతం టీసీఎస్ పట్టుకుంటారు. రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు, కానీ ఆ డబ్బు అప్పటిదాకా ఇరుక్కున్నట్టే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. స్టూడెంట్ వీసా మీద మొదటి ఐదేళ్లు టాక్స్ లెక్కలో మీరు సాధారణంగా నాన్ రెసిడెంట్. అద్దె మొత్తం మీద 30 శాతం టాక్స్, ఖర్చులు తీసేయకుండానే! ఖర్చులు తీసేసి మిగిలినదాని మీదే కట్టాలంటే, రిటర్న్‌లో ఆ ఆప్షన్ మీరే ఎంచుకోవాలి. ఇది తెలిసిన సీపీఏ దగ్గరికే వెళ్లండి. సీనియర్ అన్న చెప్పాడని సాఫ్ట్‌వేర్‌లో నొక్కేయకండి.

అన్నిటికంటే నాకు భయం వేసేది వేరే. చదువయ్యాక ఉద్యోగం రాకపోతే మీరు బ్యాగ్ సర్దుకుని వచ్చేస్తారు. ఇల్లు రాదు. లోన్ కూడా అక్కడే ఉంటుంది, ఈఎమ్ఐ మాత్రం నాన్న కట్టాలి. ఊళ్లో పొలం అమ్మి ఆ డౌన్ పేమెంట్ కట్టి ఉంటే ఇంక చెప్పేదేముంది.

సరే, అన్నీ కుదిరి కొనేశారు. ఫ్రెండ్ అయినా సరే లీజ్ రాయించుకోండి, డిపాజిట్ తీసుకోండి. చాలా కాలేజీ ఊళ్లలో, బంధువులు కానివాళ్లు ఒకే ఇంట్లో ఇంతమందే ఉండాలని లిమిట్ ఉంటుంది. హెచ్ఓఏ ఉంటే దాని రూల్స్ వేరే. కొనకముందే సిటీ ఆఫీస్‌కి ఒక ఫోన్ చేసి కనుక్కోండి, పది నిమిషాల పని.

మీ ఊరి అద్దె, టాక్స్ రేటు పెట్టి ఇదే లెక్క ఒకసారి వేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో క్రెడిట్ స్కోర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.