ఏటేటా వేయించుకొను టీకా

“పోయిన యేడు సూది వేయించుకొంటిమి గదా, ఈ యేడు మరల దేనికి?” అని శ్రోతలు మాకు జాబులు వ్రాయుచుందురు. ఇన్‌ఫ్లుయెంజా టీకాను గూర్చి అడుగదగిన ప్రశ్న ఇదే. మన పెద్దలు మశూచికమునకు వేయించుకొన్న టీకా ఏండ్ల తరబడి వారిని కాపాడెను. ఈ టీకాకు ఆ నిలకడ లేకపోవుటకు ముఖ్యకారణము రోగములోనే కలదు. టీకావలన కలిగిన శక్తియు నెలలు గడచినకొలది తగ్గుచుండును గాని, అది రెండవ సంగతి.

మన పల్లెలకు వచ్చు పగటివేషగాండ్రను తలచుకొనుడు. నిన్న వచ్చినవాడే నేడును వచ్చును. వేషము మాత్రము వేరు. ఫ్లూ వైరసు చేయు పనియు ఇట్టిదే. దాని ఒంటిమీద రెండు విధముల ప్రోటీనులు ముండ్లవలె పొడుచుకొని యుండును. ఒకటి మన గొంతులోని కణమును పట్టుకొనును. రెండవది, ఆ కణములో పుట్టిన క్రొత్త వైరసులను బయటకు విడిపించును. టీకా పడినపుడు మన రక్తములో తయారగు ప్రతిరక్షకములు గుర్తుపట్టునది ఈ పై రూపమునే. వైరసు పెరుగునపుడెల్ల దాని నకలులో తప్పులు దొర్లును. క్రమముగా రూపు మారును. 1947లో అమెరికాలో ఇదే జరిగినది. అంతకుముందు పనిచేసిన టీకా ఆ యేడు కాపాడలేకపోయెను.

ఈ వేషములను కనిపెట్టుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ప్రయోగశాలలను కూడగట్టినది. నేడు నూరు దేశములకు పైగా అట్టివి కలవు. ఏటా ఫిబ్రవరిలో ఒకమారు, సెప్టెంబరులో ఒకమారు నిపుణులు కూడి, రాబోవు కాలమున ఏ రకములు తిరుగునో అంచనా కట్టుదురు. ఆ రకములను చాలవరకు కోడిగ్రుడ్లలో పెంచి, చంపి, శుద్ధిచేసి సూదిమందు తయారుచేయుదురు. చచ్చిన వైరసు గనుక ఈ సూదివలన ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు దినముల నలత కలుగవచ్చును. రక్షణ కుదురుటకు రెండు వారములు పట్టును; ఈలోపల పట్టిన జ్వరమునకు టీకాను నిందించుట తగదు.

అంచనా బాగుగా కుదిరిన యేడు సైతము ఫ్లూ వచ్చు అవకాశము 40 నుండి 60 శాతము వరకే తగ్గును. ఇది గొప్ప సంఖ్య కాదని మేమును ఒప్పుకొందుము. కాని జ్వరము వచ్చినను ఆసుపత్రి పాలగుట, ప్రాణము మీదికి వచ్చుట తగ్గుచున్నవి.

మన దేశపు సార్వత్రిక టీకా కార్యక్రమములో ఇది చేరలేదు; చాల ఇండ్లలో వెలపెట్టి కొనవలసినదే. మరి ముందెవరికి? అరువది దాటినవారు, ఉబ్బసము, గుండెజబ్బు, మధుమేహము కలవారు, ఐదేండ్లలోపు పిల్లలు, రోగులకు సేవచేయు వైద్యులు, నర్సులు, అందరును వేయించుకొనవలసినవారే. ఇంటిలో ఒక్కరికే వేయింపగలిగినచో గర్భిణికి వేయింపుడని మా మాట. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు మొదటి స్థానము ఆమెకే ఇచ్చినది. “కడుపుతోనున్న పిల్లకు సూదులేల?” అని అడ్డుపడు అత్తగార్లు, అమ్మలు కలరు. ఆ భయము ప్రేమవలన పుట్టినదే. కాని 1918 నాటి ఫ్లూలో గర్భిణులు అధికముగా మరణించిరి. ఆరునెలలు నిండని శిశువునకు ఈ టీకా వేయరు; తల్లినుండి మాయద్వారా అందిన ప్రతిరక్షకములే ఆ పసికందునకు అండ. చంపిన వైరసుతో చేసిన ఈ టీకాను గర్భిణికి ఏ నెలలోనైనను వేయవచ్చును.

మన ప్రాంతమున ఫ్లూ వానకాలమున విజృంభించును గనుక మృగశిర ప్రవేశింపక పూర్వమే, ఏప్రిల్, మే నెలలలో వేయించుట మేలు. ఈ టీకావలన వెనుక ఎన్నడైన తీవ్రమైన అలర్జీ కలిగియుండినచో ఆ సంగతి వైద్యునకు ముందుగా చెప్పవలెను.