మంద్రస్వరము – క్రొత్త వాదకుని ధర్మము



నేటి నా ప్రసంగవిషయము మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. పట్టణములలో చదువుకొను మన మనుమలు నలుగురైదుగురు గూడి "బ్యాండు" అను వాద్యగోష్ఠి నేర్పఱచుకొనుచున్నారు. అందొకడు పాడును, ఒకడు గిటారు మీటును, ఒకడు డ్రమ్ములు మ్రోయించును, మఱియొకడు "బేస్ గిటారు" అను మంద్రవాద్యమును బూనును. ఈ కడపటివాడు క్రొత్తగా నేర్చుకొనువాడైనచో వాని పని యెట్టిది? పెద్దలమైన మనము వానితో నెట్లు పలుకవలయును? ఈ రెండు ప్రశ్నలను గూర్చియే నా మనవి.

మా మనుమడు హైదరాబాదులో చదువుచు ఈ వాద్యమును గొని ఆఱునెలలు అభ్యసించెను. కళాశాల వార్షికోత్సవమునాడు నన్ను ముందువరుసలో గూర్చుండబెట్టెను. కచేరి ముగియగనే పరుగున వచ్చి "తాతయ్యా! ఎట్లున్నది?" అని యడిగెను. "పాట బాగున్నది, గిటారు ఇంపుగా నున్నది. నీ వాద్యము మాత్రము నాకు వినబడలేదు నాయనా!" అంటిని. వాని మొగము చిన్నబోయినది. సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు వాద్యమును వెంట దేలేదు. కారణ మడుగగా "ఎవ్వరికిని వినబడని దానిని వాయించి యేమి ప్రయోజనము? అమ్మివేయుద మనుకొనుచున్నాను" అనెను.

ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఒక్క మాటతో ఒక పిల్లవాని పూనికను విఱిచితినని యప్పుడు తెలిసికొంటిని. "అమ్ముటకు ముందు నా కొక్కమాఱు మీ సాధన చూపుము" అని వానితో గూడ నగరమునకు బోయితిని.

ఒక చిన్న గదిలో పిల్లలందఱును వాయించుచుండిరి. పాట నడుమ నా కోరికపై మావాడు తన వాద్యము నాపెను. తక్కినవారు ఆపలేదు, స్వర మొక్కటియు తప్పలేదు. ఐనను ఆ పాట రాట పెఱికిన పందిరివలె నయ్యెను. గాయకుని గొంతు ఆధారము లేక తేలిపోయినట్లుండెను. మరల వాడు అందుకొనగనే పాట నిలదొక్కుకొనెను. వినబడుట వేఱు, ఉండుట వేఱు అని నా కప్పుడు బోధపడినది.

ఈ వాద్యమునకు సాధారణముగా నాలుగు తంత్రులుండును. మన తంబురకును నాలుగే గదా! దీని లావు తంత్రిని షడ్జమముగా నెంచినచో, తరువాతి తంత్రి దానికి శుద్ధమధ్యమము పలుకును. తక్కినవియు ఆ క్రమముననే పెరుగును. పూర్వము ఈ పనికి నిలువెత్తు కొయ్యవాద్య ముండెడిది. అమెరికాలో లియో ఫెండరు అనునాతడు 1951లో, భుజమునకు తగిలించుకొని వాయింపదగిన విద్యుద్వాద్యమును విక్రయమునకు దెచ్చెను. అది బహుళవ్యాప్తి నొందెను. దాని లావు తంత్రి సెకనునకు రమారమి 41 మాఱులు కంపించును. సామాన్యమైన గిటారు లావు తంత్రి 82 మాఱులు. ఇంత మంద్రమైన ధ్వనిని మన చెవి మధ్యస్థాయి ధ్వనులను బట్టినంత సులువుగా పట్టదు. చిన్న ఫోనులలో నది సరిగా పలుకనే పలుకదు. కావున నాకు వినబడకపోవుటలో పిల్లవాని దోషమే యున్నదనుట న్యాయము కాదు.

ఇక దాని ప్రభావ మెట్టిది? సంగీత మెఱిగినవారికి గ్రహభేదము తెలియును. మోహనములోని ఋషభమును షడ్జమముగా గ్రహించినచో మధ్యమావతి యగును. గాంధారమును గ్రహించినచో హిందోళ మగును. స్వరములు అవియే, ఆధారము మాఱినది, రాగమే మాఱినది. పాశ్చాత్యగోష్ఠిలోను ఇట్టిదే జరుగును. పైన గిటారు ఒక స్వరసముదాయమునే పలుకుచుండగా, క్రింద మంద్రస్వరము మాఱినచో ఆ సముదాయపు భావమే మాఱును. వెలుగుగా దోచినది విషాదముగా దోచును. ఇంతటి యధికారము ఆ వెనుక నిలిచిన పిల్లవాని చేతిలో నున్నది.

అట్లైనచో క్రొత్తవాడు చేయవలసిన దేమి? మొదట శ్రుతి సరిచూచుకొనవలయును. పిదప డ్రమ్ములవాడు పాదముతో మ్రోయించు పెద్ద డ్రమ్ముపై చెవి నిలుపవలయును. ఆ దెబ్బయు, తన మీటును ఒక్క క్షణమున పడవలయును. గిటారు సముదాయము మాఱినపుడెల్ల దాని మూలస్వరమును వేళకు అందింపవలయును. ఒక్క స్వరమైనను కాలము తప్పక పలికినచో, కాలము తప్పిన పది స్వరములకంటె మేలు. స్వరమును మీటుట యెంత ముఖ్యమో, తంత్రిపై వ్రేలుంచి దానిని వేళకు ఆపుటయు నంతే ముఖ్యము. పొరపాటు దొరలినచో ఆగరాదు, లయను విడువరాదు. గాయకుడు పాడుచున్నపుడు తన చాతుర్యమును జూపబోరాదు. చాతుర్యమునకు వేళ తరువాత వచ్చును.

ఇట్టి సేవకు పేరు రాదా యందురేమో. ఆలస్యముగా వచ్చును. అమెరికాలో డెట్రాయిటు నగరమందలి మోటౌన్ సంస్థ పాటలకు జేమ్స్ జేమర్సన్ అను నాతడు 1960 తరువాతి దశకమున మంద్రవాద్యము వాయించెను. కుడిచేతి చూపుడువ్రే లొక్కదానితోనే మీటెడివాడు. ఆ పాటలు దేశదేశములు తిరిగినను చాలకాలము రికార్డులపై అతని పేరు లేదు. 1971లో మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" అను రికార్డుపై వాద్యకుల పేళ్ళు ముద్రింపగా, అందతని పేరును వెలసినది. నేడు మంద్రవాద్యము నేర్చువా రెందఱో అతనిని గురుప్రాయునిగా దలచుచున్నారు.

ఇంతకును నేను సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. నా చిన్ననాట మా రామాలయ భజనలో నాకు తంబుర యప్పగించిరి. పెద్దలు పాడుచుండగా స్తంభము ప్రక్కన గూర్చుండి మీటుచుంటిని. ఎవ్వరును నా వంక చూడకుండిరి. ఒకనాడు కునికిపాటు వచ్చి వ్రేళ్ళు ఆగినవి. మా గురువుగారు పాట నాపి నా వంక చూచిరి. తిట్టలేదు. "నాయనా! నీవు నిద్రించితివి, మేము దారి తప్పితిమి" అని మాత్ర మనిరి. అంతటి మాటను మఱచి, అరువదియేండ్లు దాటినవాడనై, మనుమనితో "నీవు వినబడలేదు" అంటిని!

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యింటి పిల్లవాడు గోష్ఠిలో వెనుక నిలుచువాడైనచో "నీవు వినబడితివా?" అని యడుగకుడు. "నీవు ఆపినచో పాట యేమగును?" అని యడుగుడు. దానికి జవాబు వానికే తెలియును. మా మనుమడు వాద్యము నమ్మలేదు. మొన్న ఫోనులో "తాతయ్యా! ఈ వారము లయ ఒక్కచోటనే తప్పినది" అనెను. ఆ మాట నాకు కచేరికంటె ఇంపుగా వినబడినది.